చైనా పరువు ఎవరి కళ్ల ముందు? 'ముఖం', దేశ ప్రతిష్ఠ వెనక ఉన్న లెక్కలు

2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకుల మీద సుంకాన్ని 145 శాతానికి పెంచింది. చైనా 125 శాతంతో బదులిచ్చింది. ఆ రేట్ల దగ్గర ఇక వ్యాపారం నడిచేది లేదని ఇద్దరికీ తెలుసు. మాట్లాడుకోవాల్సిన అవసరం ఇద్దరికీ ఉంది. అయినా ముందు ఎవరు కదలాలన్న దగ్గరే వారాలు గడిచిపోయాయి. చర్చలు నడుస్తున్నాయని ట్రంప్ అంటే, అలాంటివేమీ లేవని బీజింగ్ ఖండించింది. చివరికి మే నెలలో జెనీవాలో, అంటే ఇద్దరిదీ కాని గడ్డ మీద, కూర్చున్నారు. మే 12న అమెరికా తన సుంకాన్ని 30 శాతానికి, చైనా 10 శాతానికి 90 రోజుల పాటు తగ్గించాయి. ఆ సమావేశానికి ముందే చైనా ప్రభుత్వం ఒక మాట ప్రత్యేకంగా చెప్పింది: ఇది అమెరికా కోరిక మీద జరుగుతున్న సమావేశం అని.

ఇలాంటి సందర్భం వచ్చిన ప్రతిసారీ మన టీవీ చర్చల్లో ఒక వివరణ వినిపిస్తుంది. 'చైనావాళ్లకు పరువే ప్రాణం, అందుకే ఇలా చేస్తారు' అని. అందులో నిజం ఉంది. కానీ ఆ ఒక్క మాటతో ఆపేస్తే ఒక్కో సందర్భంలో అసలేం జరిగిందో అర్థం కాదు. పరువు అంటే ఏ పరువు? ఎవరిది? చూస్తున్నది ఎవరు? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటేనే విషయం విడివడుతుంది. నా దృష్టిలో మూడోది అన్నిటికంటే ముఖ్యం.

లియాన్ వేరు, మియాన్జీ వేరు

మనం 'పరువు' అని ఒక్క మాటలో చెప్పేదానికి చైనా భాషలో రెండు మాటలు ఉన్నాయి. రెండిటికీ మూలార్థం ముఖమే. ఒకటి లియాన్, రెండోది మియాన్జీ. ఈ రెండిటి తేడాను పరిశోధకుల ముందు మొదట స్పష్టంగా పెట్టినవారు చైనా మానవశాస్త్రవేత్త హు షియెన్ చిన్. 1944లో అమెరికాలోని ఒక మానవశాస్త్ర పత్రికలో ఆమె రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ చర్చకు పునాది.

లియాన్ అంటే నడవడిక వల్ల నిలబడే గౌరవం. డబ్బు, పదవి ఉన్నా లేకపోయినా మంచిగా బతికే ప్రతి మనిషికీ అది ఉంటుంది. ఎక్కువ తక్కువలు ఉండవు. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. పోతే మాత్రం నలుగురిలో తలెత్తుకోలేని స్థితి. మియాన్జీ అంటే సాధించుకున్న ప్రతిష్ఠ. చదువు, ఉద్యోగం, ఇల్లు, పెద్దవాళ్ల పరిచయాలు, పిల్లల ర్యాంకులు అన్నీ ఇందులోకి వస్తాయి. ఇది పెరుగుతుంది, తరుగుతుంది. ఒకరు ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఒకరి పేరు చెప్పుకుని ఇంకొకరు వాడుకోవచ్చు కూడా.

ఒక వ్యాపారి కొడుకు యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పాడనుకుందాం. తండ్రి మియాన్జీకి దెబ్బ తగిలింది. లియాన్ చెక్కుచెదరలేదు. అదే వ్యాపారి చేతిలో డబ్బుండి కూడా అప్పిచ్చినవాడిని ఎగ్గొట్టాడనుకుందాం. అప్పుడు పోయేది లియాన్. పెద్ద కారు కొన్నంత మాత్రాన అది తిరిగి రాదు. ఈ రోజుల్లో మామూలు మాటల్లో రెండు పదాలూ కలిసిపోతుంటాయి, చిన్న తడబాటుకు కూడా 'ముఖం పోయింది' అనేస్తారు. అయినా 'నీకు ముఖమే లేదు' అని లియాన్ పదంతో తిడితే అది చాలా పెద్ద తిట్టు. మన 'సిగ్గూ ఎగ్గూ లేనివాడా'కు దగ్గరగా ఉంటుంది.

ముఖం అనగానే మనకు 'పోవడం' ఒక్కటే గుర్తొస్తుంది. చైనాలో రోజువారీ మాటల్లో 'ముఖం ఇవ్వడం', 'ముఖం మిగల్చడం' కూడా అంతే తరచుగా వినిపిస్తాయి. మీటింగ్‌లో పై అధికారి ఒక లెక్క తప్పు చెప్పాడు. కింది ఉద్యోగికి సరైన అంకె తెలుసు. అందరి ముందు సరిదిద్దితే పై అధికారికి నామోషీ. అందుకే మీటింగ్ అయ్యాక విడిగా కలిసి, 'కొత్త లెక్క ఇప్పుడే వచ్చింది సార్' అని కాగితం అందిస్తాడు. తప్పు సరవుతుంది, పెద్దాయనకు ముఖం మిగులుతుంది, ఆ సాయం ఆయనకు గుర్తుంటుంది కూడా. ఇక్కడ ముఖం అంటే ఒకరి అహంకారం అనుకుంటే పొరపాటు. అది ఇద్దరి మధ్య, మూడో మనిషి చూస్తుండగా నడిచే ఇచ్చిపుచ్చుకోవడం.

దీనికి అయ్యే ఖర్చు గురించి చైనావాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విందుకు పిలిచినవాడు తినగలిగినదానికంటే ఎక్కువ తెప్పించాలి. పళ్లేలు ఖాళీ అయితే పిలిచినవాడు పిసినారి అన్నట్టు. బిల్లు నేనంటే నేనని తోసుకోవడం ప్రతి రెస్టారెంట్‌లో కనిపించేదే. ఈ వృథా ఎంత దూరం పోయిందంటే, 2013లో పళ్లెం ఖాళీ చేయాలని ఉద్యమం నడిపారు, 2021లో ఆహార వృథా నిరోధానికి ఏకంగా చట్టమే చేశారు. 'లావుగా కనపడాలని ముఖం వాచేలా కొట్టుకోవడం' అని ఒక సామెత, 'పరువు కోసం చస్తూ బతకడం' అని ఇంకో సామెత వాళ్ల నోళ్లలోనే నానుతుంటాయి.

ఆఫీసర్ల ముఖం: పై నుంచి చూసేవాళ్ల కోసం కట్టినవి

మనిషి పరువు నుంచి నేరుగా దేశం పరువులోకి దూకితే మధ్యలో ఒక ముఖ్యమైన మెట్టు తప్పిపోతుంది. అది ప్రభుత్వ యంత్రాంగం. చైనాలో స్థానిక అధికారికి పదోన్నతి ఓటర్ల నుంచి రాదు, పై అధికారుల నుంచి వస్తుంది. కాబట్టి అతను ముఖం చూపించాల్సింది పైకే.

2007లో యునాన్ రాష్ట్రంలోని ఫూమిన్ అనే చోట జనం ఒక వింత చూశారు. లావోషౌ కొండను రాతి క్వారీ తొలిచేసింది. బోడిగా మిగిలిన ఆ రాతి ముఖం మీద పనివాళ్లు పిచికారీతో ఆకుపచ్చ రంగు కొట్టారు. మొక్కలు నాటలేదు, రంగు వేశారు. దూరం నుంచి చూసేవాడికి పచ్చగా కనపడితే చాలు. ఈ వార్తను బయటపెట్టి తిట్టిపోసింది కూడా చైనా పత్రికలే, చైనా జనమే. ఇలాంటివాటికి వాళ్ల భాషలో స్థిరపడిన పేరే ఉంది: మియాన్జీ ప్రాజెక్టులు. గుయిజౌ రాష్ట్రంలో దూషాన్ అనే పేద కౌంటీ 4,000 కోట్ల యువాన్ల అప్పు చేసి, దాదాపు వంద మీటర్ల ఎత్తున్న ఒక చెక్క భవనంతో సహా భారీ కట్టడాలు మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. 2020లో ఒక వీడియోతో అది దేశమంతా తెలిసింది.

కొండకు రంగు వేస్తే డబ్బు పోతుంది. అంకెలకు రంగు వేస్తే ప్రాణాలు పోతాయి. 1958లో మావో ఉత్పత్తిని ఒక్కసారిగా పెంచాలన్న 'మహా ముందంజ' కార్యక్రమాన్ని ప్రకటించాక, కమ్యూన్లు, అంటే సామూహిక వ్యవసాయ సంఘాలు, పోటీపడి దిగుబడి అంకెలు పంపాయి. స్పుత్నిక్ గాల్లోకి లేచిన రోజులవి కాబట్టి, రికార్డు దిగుబడి ప్రకటించడాన్ని 'ఉపగ్రహం ఎగరేయడం' అనేవారు. ఏ నేలా ఇవ్వలేని అంకెలు అవి. తక్కువ చెప్పిన అధికారికి ముఖం లేదు, పైగా మితవాది అన్న ముద్ర. ఆ అబద్ధపు అంకెల ప్రకారమే ప్రభుత్వం ధాన్యం సేకరించింది. పల్లెల్లో తిండి మిగల్లేదు. కరువు మొదలైన 1959లోనే చైనా 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకు పంపింది. యంత్రాలకు డబ్బు కావాలి, సోవియట్ అప్పు తీర్చాలి, ఇచ్చిన మాట తప్పామన్న పేరు రాకూడదు. మూడేళ్లలో చనిపోయినవారి సంఖ్య మీద అంచనాలు కోటిన్నర నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. ఆ చావులకు కారణం ముఖం ఒక్కటే అనడం తప్పు, విధానాలు ఉన్నాయి, భయం ఉంది. కానీ నిజం పైకి చేరకుండా అడ్డుపడినవాటిలో ముఖం ఒకటి.

ఇంట్లో సిగ్గుచేటు విషయం బయట చెప్పుకోకూడదన్న సామెత చైనాలో చాలా పాతది. 2003లో సార్స్ అంటువ్యాధి వచ్చినప్పుడు ఆ సామెతను ప్రభుత్వమే పాటించింది. బీజింగ్‌లో కేసులు పన్నెండేనని, నగరం క్షేమమని ఏప్రిల్ మొదట్లో ఆరోగ్య మంత్రి ఝాంగ్ వెన్‌కాంగ్ చెప్పారు. జియాంగ్ యాన్‌యోంగ్ అనే సైనిక వైద్యుడు ఆ అంకె అబద్ధమని మీడియాకు ఉత్తరం రాశారు. ఏప్రిల్ 20న ఆరోగ్య మంత్రి, బీజింగ్ మేయర్ ఇద్దరూ పదవులు పోగొట్టుకున్నారు. దాచిందీ పరువు కోసమే. ప్రపంచం వేలెత్తి చూపాక మంత్రిని తీసేసిందీ పరువు కోసమే. మధ్యలో మారింది చూసేవాళ్లు.

1840 నుంచి మోస్తున్న అవమానం

దేశానికి కూడా ముఖం ఉంటుందన్న భావన చైనాలో ఇంత పదునుగా ఉండటానికి ఒక చరిత్ర ఉంది. వాళ్లు దాన్ని 'వందేళ్ల జాతీయ అవమానం' అంటారు. మొదటి నల్లమందు యుద్ధంతో మొదలై 1949తో ముగుస్తుంది. 1842 నాన్‌జింగ్ ఒప్పందంలో హాంకాంగ్ పోయింది. 1860లో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు బీజింగ్ దగ్గరి యువాన్‌మింగ్‌యువాన్ రాజోద్యానాన్ని దోచి తగలబెట్టాయి. 1895లో జపాన్ తైవాన్‌ను తీసుకుంది. 1901లో ఎనిమిది దేశాలతో యుద్ధం ఓడిపోయి 45 కోట్ల తాయెల్‌ల (తాయెల్ అంటే పాత చైనా తూకం) వెండి జరిమానా కట్టేందుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. 1919లో వెర్సయ్ శాంతి ఒప్పందంలో షాన్‌డాంగ్ మీద జర్మనీ హక్కుల్ని చైనాకు తిరిగివ్వకుండా జపాన్‌కు కట్టబెడితే, మే 4న బీజింగ్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు.

ఈ చరిత్రలో మన వైపు నుంచి ఒక ముడి ఉంది, దాని గురించి మన దగ్గర మాట్లాడుకున్నది తక్కువ. చైనాకు వెళ్లిన నల్లమందు భారతదేశంలో పండింది. యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు పోరాడారు. 1841 మే నెలాఖరులో గ్వాంగ్‌జౌ శివార్లలోని సాన్‌యువాన్‌లీ దగ్గర భారీ వర్షంలో 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ కంపెనీ ఒకటి మిగతా దళం నుంచి తప్పిపోయింది. తుపాకులు తడిసి పేలలేదు. వేలమంది గ్రామస్థులు కర్రలు, ఈటెలతో చుట్టుముట్టారు. సిపాయిలు చతురస్రంగా నిలబడి, మరో దళం వచ్చి కాపాడేదాకా చీకట్లో బాయ్‌నెట్లతోనే కాచుకున్నారు. సైనికంగా అది చిన్న ఘటన. చైనా పాఠ్యపుస్తకాల్లో మాత్రం విదేశీయుల మీద సామాన్య జనం తిరగబడిన మొదటి పెద్ద ఘట్టం అదే. మద్రాసు సైన్యంలో కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారన్నది తెలిసిందే. మనం మరిచిపోయిన ఒక సాయంత్రాన్ని అక్కడి పిల్లలు పరీక్షలకు చదువుతారు.

ఈ అవమానపు కథ ఎప్పుడూ ఒకే స్థాయిలో వినిపించలేదు. 1949 సెప్టెంబర్‌లో మావో 'చైనా ప్రజలు లేచి నిలబడ్డారు' అన్నాక కొన్ని దశాబ్దాల పాటు ప్రచారంలో ముందున్నది వర్గపోరాటం, విజయగాథ. 1989లో తియానన్మెన్ నిరసనలను అణచివేశాక పార్టీకి కొత్త ఆధారం కావాల్సి వచ్చింది. 1990ల్లో దేశభక్తి విద్యా ఉద్యమం మొదలైంది, పాత గాయాల మ్యూజియంలు, పాఠాలు పెరిగాయి. గాయం నిజమైనదే. దాన్ని ఎప్పుడు ఎంత గుర్తు చేయాలన్నది మాత్రం రాజకీయ నిర్ణయం.

యువాన్‌మింగ్‌యువాన్ కంచు తలల సంగతి చూడండి. అక్కడి జలయంత్రం చుట్టూ పన్నెండు జంతువుల తలలు ఉండేవి. వాటిలో ఎలుక, కుందేలు తలలు 2009లో పారిస్‌లో వేలానికి వచ్చాయి. ఫోన్‌లో పాడి గెలిచిన చైనా వ్యాపారి, తర్వాత డబ్బు కట్టనన్నాడు. దోచుకుపోయిన సొత్తుకు డబ్బు కట్టడం తన దేశానికి అవమానం, పాడటం తన బాధ్యత అన్నాడు. చైనాలో చాలామంది మెచ్చుకున్నారు. మరికొందరు, వేలంలో మాట తప్పితే రేపు చైనా కొనుగోలుదారులను ఎవరు నమ్ముతారని అడిగారు. హు షియెన్ చిన్ భాషలో చెప్పాలంటే ఒకరు మియాన్జీ వైపు, ఇంకొకరు లియాన్ వైపు నిలబడి వాదించారు. 2013లో ఫ్రాన్స్‌కు చెందిన పినో కుటుంబం ఆ రెండు తలలను చైనాకు ఉచితంగా ఇచ్చేసింది.

ముందు ఎవరు అడిగారు? 1971 ప్రకటనలో ఒక వాక్యం

జెనీవా దగ్గర చూసిన పేచీ కొత్తది కాదు. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు హెన్రీ కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. నిక్సన్ చైనాకు రావాలి, అది ఇద్దరికీ కావాలి. కానీ ప్రకటనలో ఏమని రాయాలి? చైనా పిలిచిందంటే అమెరికాను బతిమాలినట్టు. నిక్సన్ అడిగాడంటే అమెరికా అధ్యక్షుడు దిగి వచ్చినట్టు. మన ఊళ్లలో బొట్టు పెట్టి పిలవనిదే పెళ్లికి వెళ్లని బంధువు, ఆయనే వస్తాడులే అనుకునే పెళ్లివారు ఎదురుపడితే మధ్యవర్తి ఎలా సర్దుతాడో, ఇద్దరూ అలాంటి వాక్యమే కూర్చారు. నిక్సన్‌కు చైనాను సందర్శించాలన్న కోరిక ఉన్నట్టు తెలిసి, చైనా ప్రధాని చౌ ఎన్ లై ఆయనను ఆహ్వానించారు, నిక్సన్ సంతోషంగా అంగీకరించారు అని. కోరిక ఇటు నుంచి, పిలుపు అటు నుంచి. జులై 15న ఆ ప్రకటన వెలువడింది.

ముఖం గొడవలను పెంచుతుందని అందరూ అంటారు. ఇక్కడ అది దారి చూపింది. ఎవరికి ఏం కావాలో తెలిసిన నేర్పరులకు ముఖం ఒక పనిముట్టు.

ఒక ఉత్తరం, ఇద్దరు పాఠకులు: 2001

2001 ఏప్రిల్ 1న హైనాన్ దీవి దగ్గర అమెరికా గూఢచారి విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వెయ్ చనిపోయాడు. అమెరికా విమానం అనుమతి లేకుండా హైనాన్‌లో దిగింది. అందులో 24 మంది. చైనా క్షమాపణ కావాలంది. తమ తప్పు లేదని, చెప్పమని అమెరికా అంది.

ఏప్రిల్ 11న అమెరికా రాయబారి ఇచ్చిన ఉత్తరంలో రెండు చోట్ల 'చాలా విచారిస్తున్నాం' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాట ఉంది. ఒకటి పైలట్ కుటుంబం గురించి, రెండోది మాటపూర్వక అనుమతి లేకుండా దిగడం గురించి. ఢీకొనడానికి బాధ్యత మాదేనన్న వాక్యం ఎక్కడా లేదు. చైనా మీడియా దాన్ని తమ భాషలో 'తీవ్ర క్షమాపణ' స్థాయి మాటతో జనానికి వినిపించింది. వాషింగ్టన్‌లో అది సానుభూతి, బీజింగ్‌లో అది క్షమాపణ. ఇద్దరూ తమ తమ జనం ముందు తల దించుకోలేదు. సిబ్బంది ఇంటికి వెళ్లారు.

విమానాన్ని మాత్రం ఎగరేసుకుని వెళ్లనివ్వలేదు. గూఢచారి విమానం చైనా నేల మీంచి దర్జాగా లేచిపోయే దృశ్యం జనం చూడకూడదు. జులైలో దాన్ని ముక్కలుగా విప్పి, రష్యన్ ఆంటొనోవ్ సరుకు విమానంలో పంపారు. ఖర్చుల కింద చైనా 10 లక్షల డాలర్లు అడిగితే అమెరికా 34,567 డాలర్లు ఇవ్వజూపింది. చైనా ఆ చెక్కు తీసుకోలేదు.

దీన్ని 1999తో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ మే నెలలో యుగోస్లావియా మీద నాటో యుద్ధంలో అమెరికా విమానం బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయం మీద బాంబులు వేసింది. ముగ్గురు చైనా పాత్రికేయులు చనిపోయారు. బీజింగ్‌లో అమెరికా ఎంబసీ మీద రాళ్లు పడ్డాయి. నిరసనకు వెళ్లే విద్యార్థులకు బస్సులు కూడా ఏర్పాటయ్యాయి. రెండేళ్ల తర్వాత, సొంత పైలట్ చనిపోయినా, వీధుల్లోకి రావొద్దని విద్యార్థులకు చెప్పారు. అవమానం రెండు సార్లూ ఉంది. మొదటిసారి ప్రభుత్వం కోపాన్ని బయటికి రానిచ్చింది, రెండోసారి రానివ్వలేదు. ముఖం చైనాను ఎటు లాగితే అటు వెళ్తుందన్న వాదనకు ఇది గట్టి అడ్డు.

గల్వాన్: చెప్పని అంకె

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సేనలతో ఘర్షణలో 20 మంది భారత సైనికులు చనిపోయారు. వారిలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. ఆయనకు తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. ఆ వారం సూర్యాపేట వీధుల్లో కన్నీళ్లు పెట్టుకున్నవారందరికీ ఒకే ప్రశ్న: అవతల ఎంతమంది పోయారు?

చైనా చెప్పలేదు. చెప్పకపోవడం రెండు దేశాల జనం అంకెలు పోల్చుకుని ఇంకా రెచ్చిపోకుండా చూపిన సద్భావన అని అప్పట్లో చైనా ప్రభుత్వ పత్రిక సంపాదకుడు ఒకరు రాశారు. నష్టాన్ని దాచడానికేనని ఇక్కడ చాలామంది అన్నారు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఎనిమిది నెలల తర్వాత, 2021 ఫిబ్రవరి 19న, సరిహద్దులో సేనలు వెనక్కి తగ్గడం మొదలయ్యాక, నలుగురు చనిపోయారని చైనా ప్రకటించింది. ప్రకటన వచ్చిన తీరు గమనించాలి. నష్టాల నివేదికలా రాలేదు, వీరులకు పతకాల ప్రకటనగా వచ్చింది. అమరుల గురించి, నష్టాన్ని ఇంకా ఎక్కువగా అనుమానిస్తూ పోస్టు పెట్టిన ఒక ప్రముఖ బ్లాగర్‌కు ఎనిమిది నెలల జైలు పడింది. ఆ ఘర్షణలో గాయపడిన చైనా రెజిమెంట్ కమాండర్ ఛీ ఫాబావో 2022 ఫిబ్రవరిలో బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ జ్యోతి పట్టుకుని పరుగెత్తాడు. మరునాడే, ప్రారంభ, ముగింపు వేడుకలకు తమ దౌత్య ప్రతినిధి వెళ్లరని భారత్ ప్రకటించింది.

ఆ జ్యోతి మనల్ని రెచ్చగొట్టడానికేనని మనకు అనిపించింది. అలా అనిపించడం సహజం. కానీ బ్లాగర్ శిక్ష, పతకాల వేడుక, జ్యోతి మూడింటినీ కలిపి చూస్తే, వాటి మొదటి ప్రేక్షకులు చైనా ఇళ్లలో టీవీ ముందు కూర్చున్నవాళ్లే అనిపిస్తుంది. మనకు తగిలిన దెబ్బ దాన్ని బట్టి తగ్గదు.

మనోభావాలకు ధర కట్టినప్పుడు

'చైనా ప్రజల మనోభావాలను గాయపరిచారు' అన్న మాట బీజింగ్ విదేశాంగ శాఖ నోట దశాబ్దాలుగా వినిపిస్తోంది. ఆ మాట వెనక తరచూ ఆర్థిక శిక్ష ఉంటుంది. 2010లో జైల్లో ఉన్న చైనా అసమ్మతివాది లియు షియావోబోకు నోబెల్ శాంతి బహుమతి వచ్చాక, ఆ కమిటీ ప్రభుత్వానిది కాదని నార్వే ఎంత చెప్పినా ఆరేళ్లు సంబంధాలు స్తంభించాయి. 2016 డిసెంబర్‌లో చైనా కీలక ప్రయోజనాలను గౌరవిస్తామని నార్వే సంతకం చేశాకే మంచు కరిగింది. 2020లో కోవిడ్ పుట్టుక మీద స్వతంత్ర విచారణ అడిగిన ఆస్ట్రేలియా బార్లీ మీద 80.5 శాతం సుంకం, వైన్ మీద 200 శాతం పైదాకా సుంకాలు పడ్డాయి. ఆస్ట్రేలియా సంతకం ఏదీ చేయలేదు. ప్రభుత్వం మారింది, మాటల స్వరం తగ్గింది, 2023లో బార్లీ, 2024లో వైన్ సుంకాలు పోయాయి. అదే కాలంలో ఆస్ట్రేలియా ఇనుప ఖనిజాన్ని మాత్రం చైనా ముట్టుకోలేదు. దాని ఉక్కు కర్మాగారాలకు అది లేనిదే గడవదు. కోపం ఎక్కడ ఆగాలో లెక్కకు తెలుసు.

ఈ మాటను ఇంటి లోపలికి తెచ్చినప్పుడు చైనావాళ్లే ఎదురు నిలిచారు. జాతి మనోభావాలను గాయపరిచే దుస్తులు, మాటలకు జరిమానా, నిర్బంధం విధించాలని 2023లో ఒక చట్ట సవరణ ముసాయిదా వచ్చింది. మనోభావం గాయపడిందో లేదో కొలిచేది ఎవరు, వీధిలో కానిస్టేబులా అని న్యాయ శాస్త్ర ప్రొఫెసర్లు బాహాటంగా ప్రశ్నించారు. 2024 ముసాయిదాలో ఆ పదబంధాన్ని తీసేశారు. 2008 ఒలింపిక్స్ అప్పుడూ అంతే. ప్రారంభోత్సవంలో దేశభక్తి గీతం పాడినట్టు కనిపించిన పాప పెదాలు మాత్రమే కదిపింది, గొంతు ఇంకో ఏడేళ్ల పాపది. తెర మీద కనపడే బిడ్డ లోపం లేకుండా ఉండాలి, ఇది దేశ ప్రయోజనం అని సంగీత దర్శకుడు చెన్ చిగాంగ్ రేడియోలో వివరించారు. పాట పాడిన ఆ చిన్నారి పళ్ల వరస సరిగా లేకపోతే దేశం పరువు పోతుందా అని చైనా నెటిజన్లే మండిపడ్డారు. నాకు ఈ ఉదంతంలో అందరికంటే గౌరవం కలిగేది వాళ్ల మీదే.

ముఖం చైనా సొత్తా?

ఇక్కడ పండితులు మూడు దారుల్లో వెళ్తారు. కన్ఫ్యూషియస్ కాలం నుంచి వచ్చిన సంబంధాల సంస్కృతి వల్ల చైనాలో ముఖానికి ఉన్న బరువు వేరే ఎక్కడా లేదన్నది మొదటిది. దీనికి బలం రోజువారీ జీవితంలో ఉంది, మాటల్లో, సామెతల్లో, విందు బల్లల దగ్గర ఉంది.

రెండో వాదన: ముఖం అందరిదీ, పేర్లే వేరు. 1965 మార్చిలో అమెరికా రక్షణ శాఖ ఉన్నతాధికారి జాన్ మెక్‌నాటన్ వియత్నాంలో తమ లక్ష్యాలను శాతాల్లో రాశాడు. అవమానకరమైన ఓటమి తప్పించుకుని మాట నిలబెట్టుకునే దేశంగా పేరు కాపాడుకోవడానికి 70 శాతం, దక్షిణ వియత్నాం చైనా చేతుల్లో పడకుండా 20 శాతం, అక్కడి ప్రజల మంచి బతుకు కోసం 10 శాతం. అమెరికా దాన్ని 'విశ్వసనీయత' అంటుంది. మనమూ మినహాయింపు కాదు. గల్వాన్ తర్వాత నాలుగు రోజులకు అఖిలపక్ష సమావేశంలో ప్రధాని, మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదని అన్నారు. సైన్యం ధైర్యాన్ని నిలిపే మాటని కొందరు, నిజాన్ని కప్పే మాటని కొందరు వాదించుకున్నారు. మరునాడు ప్రధాని కార్యాలయం వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

మూడో వాదన ప్రకారం ముఖం ఒక సాకు, ప్రభుత్వం తన ప్రయోజనానికి తగ్గట్టు తీసి వాడుకునే ఆయుధం. 1999, 2001 తేడా, ఆస్ట్రేలియా ఇనుము దీనికి సాక్ష్యాలు. కానీ ఈ వాదనను చివరిదాకా లాగితే ఒక చిక్కు వస్తుంది. జనం నిజంగా గాయపడకపోతే ఆ ఆయుధానికి పదునే ఉండదు. ముప్పై ఏళ్లుగా అవమానపు చరిత్ర చదివిన తరానికి కోపం నటన కాదు. ఆ కోపానికి నాయకులూ జవాబు చెప్పుకోవాలి, వెనక్కి తగ్గితే 'మెతకవాళ్లు' అన్న మాట సొంత ఇంట్లోంచే వస్తుంది. అందుకే నేను రెండో వాదనకు, మూడో వాదనకు మధ్యలో నిలబడతాను. సంస్కృతి మాటలను ఇస్తుంది, ప్రయోజనం సమయాన్ని నిర్ణయిస్తుంది, చూసేవాళ్లు ఎవరన్నది హద్దులు గీస్తుంది.

గట్టిగా మాట్లాడితేనే గౌరవం అనుకున్న దశ కూడా చైనాకు నష్టం తెచ్చింది. 2017 సినిమా పేరు మీద 'తోడేలు యోధులు' అని పిలిచిన దౌత్యవేత్తలు ఇంట్లో చప్పట్లు కొట్టించుకున్నారు, బయట మిత్రులను పోగొట్టుకున్నారు. 2021 మే 31న పొలిట్‌బ్యూరో సమావేశంలో షీ జిన్‌పింగే, చైనా రూపం నమ్మదగినదిగా, ప్రేమించదగినదిగా, గౌరవించదగినదిగా ఉండాలని చెప్పారు. ఇంట్లో చప్పట్లు తెచ్చే మాట, బయట ప్రేమ తెచ్చే మాట ఒకటే కావడం ఏ దేశానికైనా కష్టమే.

కజాన్‌కు ముందు రెండు రోజులు

గల్వాన్ తర్వాత నాలుగేళ్లకు లద్దాఖ్ ముడి విడిపడిన తీరులో ఇదంతా కనిపిస్తుంది. 2024 అక్టోబర్ 21న, గస్తీ ఏర్పాట్ల మీద ఒప్పందం కుదిరిందని భారత విదేశాంగ కార్యదర్శి ప్రకటించారు. మరునాడు చైనా, సంబంధిత విషయాల మీద పరిష్కారాలు కుదిరాయని మాత్రం అంది. ఒప్పందం పాఠం ఎవరూ బయటపెట్టలేదు. ఎవరు ఎన్ని కిలోమీటర్లు వెనక్కి జరిగారో ఏ ప్రకటనలోనూ లేదు. 23న రష్యాలోని కజాన్‌లో మోదీ, షీ ఐదేళ్ల తర్వాత ద్వైపాక్షికంగా కూర్చున్నారు. మరుసటి వేసవిలో కైలాస మానససరోవర యాత్ర మళ్లీ మొదలైంది, అక్టోబర్‌లో నేరుగా విమానాలు తిరిగాయి. మేమే గెలిచామని చెప్పుకునే వీలు ఢిల్లీకీ ఉంది, బీజింగ్‌కూ ఉంది. సరిహద్దు గీత ఎక్కడ ఉందన్న ప్రశ్న మాత్రం 2020కి ముందు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.